ఎలుగుబంటి బొమ్మ నుంచి పొడి రాలుతోందా? నూనె రాయకండి

స్విట్జర్లాండ్‌లో కొన్న పాత చెక్క ఎలుగుబంటి బొమ్మకు సన్నటి రంధ్రాలున్నాయి, కింద పొడి పడుతోంది, కొబ్బరినూనె రాయొచ్చా అని అడిగారు. వద్దండీ. నూనెకి దుమ్ము అంటుకుంటుంది, పాత రంగు మీద మచ్చలు పడతాయి, లోపల చెక్క తినే పురుగు మాత్రం చావదు.

ముందు పురుగు బతికుందో లేదో తేల్చుకోండి. మెత్తటి కుంచెతో పొడి దులిపి, బొమ్మను నల్ల కాగితం మీద కదపకుండా కొన్ని వారాలు ఉంచండి. లేత రంగు పొడి మళ్ళీ పడితే పురుగు ఉన్నట్టే. అప్పటిదాకా మిగతా చెక్క సామాన్లకు దూరంగా పెట్టండి. ఇలాంటి బొమ్మలు చెక్కే స్విట్జర్లాండ్ ఊరు బ్రియెంజ్‌లో పనివాళ్ళు ఎక్కువగా వాడిన లిండెన్ అనే చెట్టు చెక్క మెత్తన, ఉలికి ఎంత హాయో పురుగుకీ అంతే!

పురుగుంటే బొమ్మను పాలిథిన్ కవర్లో గాలి చొరబడకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో కనీసం రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవర్ విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది. గాజు కళ్ళు, అతుకులు, లోపల మ్యూజిక్ బాక్స్ ఉంటే ఈ పని ఇంట్లో వద్దు, పాత వస్తువులు బాగుచేసే నిపుణులకు ఇవ్వండి.

అమ్మినాయన ‘బ్లాక్ ఫారెస్ట్’ బొమ్మ అన్నారు కదా, అది జర్మనీ అడవి. ఇలాంటి ఎలుగుబంట్లు చాలావరకు బెర్న్ ప్రాంతంలోని బ్రియెంజ్‌వే. అక్కడ 1884 నుంచి చెక్క చెక్కడం నేర్పే బడి కూడా ఉంది.