ముప్పై దాటినా తగ్గని ముఖం జిడ్డు: చెన్నైలో నా అనుభవం

ముప్పై రెండేళ్ళొచ్చినా ముఖం జిడ్డు తగ్గలేదు, చెన్నై వచ్చాక రెట్టింపైంది, రోజుకు ఐదుసార్లు సబ్బుతో కడిగినా గంటలో మళ్ళీ అదే, ఏం చేయాలి అన్నారు కదా. ముందు ఆ ఐదుసార్లు కడగడం ఆపేయండి.

నాదీ ఇదే బాధ, జిడ్డుకి తోడు మొటిమలు. మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం, ఆఫీసు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో. పెళ్ళయితే మొటిమలు వాటంతట అవే పోతాయని మా అమ్మ, పిల్లలు పుడితే పోతాయని మా అత్తయ్య, ఇలా ఒక్కొక్కరూ ఒక్కో వాయిదా ఇచ్చారు. బాబుకి ఇప్పుడు నాలుగేళ్ళు, మొటిమలు మాత్రం ఏ వాయిదాకీ కదల్లేదు.

చర్మంలోని నూనె గ్రంథులను నడిపించేవి ఆండ్రోజన్ హార్మోన్లు, మగ హార్మోన్లంటారు గానీ అవి ఆడవాళ్ళలోనూ ఉంటాయి. ఎంత నూనె ఊరాలన్నది ఆ హార్మోన్లూ వంశమూ తేలుస్తాయి, మన సబ్బు కాదు. పైన ఎంత తోడినా ఊట ఊరుతూనే ఉంటుంది. పైగా చర్మం పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 5 దగ్గర ఉంటే మామూలు స్నానం సబ్బుది 9, 10 ఉంటుంది, అందుకే కడగ్గానే ముఖం బిర్రబిగుసుకుపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఉప్పు బోరు నీళ్ళు, నురగ రాదు, రావట్లేదని నేను ఇంకా గట్టిగా రుద్దేదాన్ని!

ఒక ఆదివారం ముఖం కడుక్కుని ఏమీ రాయకుండా ఏసీ గదిలో గంటన్నర కూర్చుని, నుదుటికో టిష్యూ, బుగ్గకో టిష్యూ అద్ది కిటికీ వెలుగులో పట్టి చూశాను. నుదుటిది మిరపకాయ బజ్జీలు కట్టిన పేపర్‌లా అవతల వైపు కనిపించేలా అయింది, బుగ్గది మామూలుగానే ఉంది. మర్నాడు బస్సు దిగి ఆఫీసు లిఫ్టు దగ్గర ఇంకోటి అద్దాను. కాగితం మొత్తం తడిసింది, కాసేపటికి ఆరిపోయి చిన్న మరక మిగిలింది. అంటే నేను జిడ్డని తిట్టుకున్నదాంట్లో సగానికి పైగా చెమటే. ఇక్కడి గాలిలో తేమకి అది ఆరదు, ఉన్న కాస్త నూనెనీ ముఖమంతా పులిమేస్తుంది. చెమటకి సబ్బెందుకు, తడి కర్చీఫ్ చాలు.

మధ్యలో ఒక వెధవ పని కూడా చేశాను. ఒక మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబ్ ఇచ్చారు, రెండు వారాలు ముఖం తళతళలాడింది, అందరూ ఏం వాడుతున్నావని అడిగారు కూడా. మానేయగానే ఎర్రబడి మంట, సన్న పొక్కులు. స్కిన్ డాక్టర్ ఆ ట్యూబ్ వెనక ఉన్న చీమంత అక్షరాలు చూపించారు: మోమెటాసోన్, అంటే స్టెరాయిడ్, చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. సర్దుకోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు పొద్దున, రాత్రి సబ్బు కాని ఫేస్‌వాష్, వారానికి మూడు రోజులు 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది (అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగుతుంది). తర్వాత నయాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) ఉన్న జెల్ మాయిశ్చరైజర్. జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఏంటని నేనూ నవ్వాను, కానీ అది రాశాకే మంట పోయింది. పగలు జెల్ సన్‌స్క్రీన్. మొటిమలకి డాక్టర్ అడాపలీన్ (విటమిన్ ఎ జాతి పూత మందు) 0.1 శాతం రాశారు, రాత్రి బఠాణీ గింజంత ముఖం మొత్తానికి. దానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, గర్భం ప్లాన్‌లో ఉంటే అసలు వాడకూడదు. నిమ్మరసం జోలికి మాత్రం పోవద్దు, కాలుతుంది.

తిండి సంగతికొస్తే, బజ్జీలు తింటే ఆ నూనె ముఖం మీదకి రాదు. మొటిమలకి తీపి, మైదాతోనే ఎక్కువ పేచీ. తలకి రాత్రంతా కొబ్బరినూనె పట్టించే అలవాటుంటే నుదుటి మీద పొక్కులు అందుకే కావచ్చు, నాకు అదే. నెలసరి తప్పుతూ, దవడ వెంట మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు కూడా ఉంటే క్రీములు పక్కనపెట్టి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి దెబ్బతినే సమస్య) ఉందేమో గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి.

అన్నట్టు, ఇప్పుడు ఏం రాస్తున్నారో చెప్పలేదు మీరు. ట్యూబ్ ఏదైనా ఉంటే వెనక్కి తిప్పి, ఆ చీమంత అక్షరాల్లో ఏముందో ఇక్కడ రాయండి.