గ్రేహౌండ్ మెడ మీద మందు చుక్క

సెలవులకు తిరుపతి వచ్చి వారమైంది. మొన్న పొద్దున్నే మా బైరాగిపట్టెడ ఇంట్లో కాఫీ తాగుతుంటే పక్కవీధి పెద్దమ్మ గేటు తీసుకుని వచ్చేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాయనా, నువ్వుండేది సిడ్నీలోనే కదా? మావోడు ఆడికి పోయి ఎనిమిది నెల్లు గూడా కాలేదు, అప్పుడే గ్రేహౌండ్స్‌ను ఇంట్లో పెట్టుకున్నాడంట. పోలీసోళ్ళతో మనకేం పని, నువ్వే చెప్పు!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె తప్పేం లేదు. 1989లో మన రాష్ట్రంలో ఆ పేరుతో పోలీసు దళం పెట్టినప్పటి నుంచి గ్రేహౌండ్స్ అంటే మనకు అడవిలో తుపాకులే గుర్తొస్తాయి. అది ఒక కుక్క జాతి పేరని, ఆస్ట్రేలియాలో పందేలకు పరిగెత్తించి, పందేలు మాన్పించాక ఇళ్ళకు దత్తత ఇస్తారని చెప్పి, మా ఇంటి గ్రేహౌండ్ మల్లి ఫోటో చూపించాను. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఏందిరా ఇది, ఎముకలు లెక్కపెట్టొచ్చు. తిండి పెట్టవా?"

ఆ రోజు సాయంత్రం వాళ్ళబ్బాయి నాకు వీడియో కాల్ చేశాడు. వాడికి అసలు టెన్షన్ వేరే ఉంది. "అన్నా, గోమార్లు (టిక్స్) పట్టకుండా కుక్క మెడ మీద చుక్కలుగా వేసే మందు డాక్టర్ రాసిచ్చాడు. గ్రేహౌండ్స్‌కి అలాంటి మందులు పడవు, ప్రాణం పోతుంది అని పార్కులో ఒకాయన చెప్పాడు. భయమేసి రెండు నెలలుగా ఏమీ వేయలేదు. అమ్మేమో పశువుల మందుల షాపులో ఒక సీసా కొని, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపిస్తానంటోంది. ఏం చేయమంటావు?"

వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా వచ్చి గ్రేహౌండ్‌ను తెచ్చుకునే మనవాళ్ళు ఈమధ్య నాకు చాలామందే తగులుతున్నారు. కారణం సులభం. ఆ కుక్క పెద్దగా అరవదు, ఇల్లు పీకి పందిరేయదు, రోజంతా సోఫా మీద నిద్రపోతుంది. అపార్ట్‌మెంట్ జీవితానికి అతికినట్టు సరిపోతుంది.

పార్కాయన మాటలో పాత నిజం ఒకటి ఉంది. గ్రేహౌండ్ ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, చర్మం పల్చన, బొచ్చు పొట్టి. అన్నిటికన్నా ముఖ్యం, దాని కాలేయం కొన్ని మందుల్ని మిగతా కుక్కలంత వేగంగా అరిగించలేదు. ఈ సంగతి మొదట తెలిసింది మత్తుమందు దగ్గర. ఒకప్పుడు ఆపరేషన్లకు వాడిన థయోపెంటాల్ ఇస్తే వేరే కుక్కలు లేచి తిరిగే వేళకు కూడా గ్రేహౌండ్ మత్తులోనే పడి ఉండేది. ఇక ఆ రోజుల్లో గోమార్లకు వాడిన పట్టీలు, ముంచే మందుల్లో చాలావరకు ఆర్గానోఫాస్ఫేట్లనే పురుగుమందులు. మదనపల్లె టమాటా రైతును అడిగితే తెలుస్తుంది, మోనోక్రోటోఫాస్ ఎలాంటిదో. ఆ వంశమే. దాన్ని గ్రేహౌండ్ తట్టుకోలేదు. పెంచేవాళ్ళ నోట ఆ భయం అలాగే నిలిచిపోయింది, ఈలోపు మందులు మారిపోయాయి.

ఇప్పుడు భుజాల మధ్య వేసే చుక్కల మందుల్లో ఎక్కువగా ఉండేవి ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, సెలామెక్టిన్ లాంటివి. మొదటి రెండూ చాలావరకు చర్మం మీది జిడ్డులోనే పరుచుకుని ఉండిపోతాయి, రక్తంలోకి పోయేది బహు తక్కువ. గ్రేహౌండ్లకు వీటిని ఏళ్ళ తరబడి వాడుతున్నారు. మల్లికి నేను ఆరేళ్ళుగా వేస్తున్నాను. పర్మెత్రిన్ కలిసిన మందులు కూడా కుక్కల కోసమే అమ్ముతారు. వాటి విషయంలో గ్రేహౌండ్ పెంచేవాళ్ళు రెండుగా చీలిపోయి ఉంటారు. నేనైతే వాడను. అది మల్లికి పడదని కాదు, మా ఇంట్లో పిల్లి ఉంది. పర్మెత్రిన్ పిల్లికి అక్షరాలా విషం. కుక్క మెడ నాకినా, కుక్కను ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. మీరు రూమ్మేట్లతో కలిసి ఉంటూ వాళ్ళలో ఒకరికి పిల్లి ఉంటే, ప్యాకెట్ మీద పిల్లి బొమ్మకు అడ్డగీత ఉందేమో ముందు చూడండి.

అసలు ప్రమాదం ఎక్కడుందో నా అనుభవంలో చెప్తాను. మల్లి వచ్చిన మొదటి సంవత్సరం. దాని మెడకు గోమార్ల పట్టీ ఉంది. ఆ పట్టీలో ఏముందో నేను చదవలేదు. ఒకరోజు స్నానం చేయించడానికి షాపుకు తీసుకెళ్తే వాళ్ళు చివర్లో ఏదో ఫ్లీ స్ప్రే (కుక్క బొచ్చులో గెంతే చిన్న పురుగుల మందు) కొట్టి పంపారు. అది బిల్లులో ఉంది, నేను చూసుకోలేదు. నెల తిరిగిందని ఆ రాత్రే మెడ మీద చుక్కలు కూడా వేశాను. రాత్రి పదకొండు దాటాక నోటి వెంట నురుగులా చొంగ, వెనక్కాళ్ళు సన్నగా వణుకు. తొడ కండరాలు చర్మం కింద పురుగు పాకినట్టు కదులుతుంటే చూడలేకపోయాను. మా ఆవిడ పట్టీ కత్తిరించి పారేసింది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో, గోరువెచ్చని నీళ్ళతో దాన్ని కడిగి, టవల్లో చుట్టి అత్యవసర ఆసుపత్రికి పరిగెత్తాం. తెల్లారేసరికి తేరుకుంది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, మూడు ప్యాకెట్లూ బల్ల మీద వరసగా పెట్టి, వెనక అట్ట చదవమంది. అంతే. అప్పటి నుంచి ఫ్రిజ్ మీద ఒక క్యాలెండర్, దాని మీద ఏ తేదీన ఏ మందు అని రాసుకుంటాం.

ఒక మందు చాలు. పట్టీ ఉంటే చుక్కలు వద్దు, నమిలే మాత్ర ఇస్తుంటే పైన స్ప్రే వద్దు. కలపాల్సి వస్తే డాక్టర్‌ను అడిగాకే. ఇక ఆ నమిలే మాత్రల గురించి. ఐసోక్సాజోలిన్ అనే తరగతి మందులవి. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటి మీద ఒక హెచ్చరిక ఇచ్చింది, కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని. చాలా కుక్కలకు ఏమీ కాదు, డాక్టర్లు రోజూ రాస్తూనే ఉన్నారు. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం ఆ మాట ముందే చెప్పాలి. పందెం కుక్కల పాత చరిత్ర మనకు పూర్తిగా తెలియదు కాబట్టి, దత్తత ఇచ్చినవాళ్ళను కూడా ఒకసారి అడగండి.

బరువు. పొడుగు చూసి "అబ్బో, నలభై కిలోలుంటుంది" అనుకుని పెద్ద ప్యాకెట్ తెచ్చేవాళ్ళున్నారు. ఆడ గ్రేహౌండ్ ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది కిలోలే ఉండొచ్చు. క్లినిక్‌లో త్రాసు ఉంటుంది, దాని మీద నిలబెట్టి చూడండి. పెద్ద ట్యూబు కొని ఇద్దరు పంచుకోవడం లాంటి పొదుపు ఇక్కడ పనికిరాదు.

వేసే పద్ధతి చెప్తా. స్నానం చేయించి రెండు రోజులైనా అయి ఉండాలి, వేశాక ఇంకో రెండు రోజులు స్నానం వద్దు. కుక్కను నిలబెట్టండి. రెండు భుజపుటెముకల మధ్య వేలితో వెంట్రుకలు పక్కకు తీస్తే గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. ట్యూబు మొన చర్మానికి ఆనించి మెల్లగా నొక్కాలి. గ్రేహౌండ్‌కు బొచ్చు పొట్టి కాబట్టి తొందరపడితే మందు పక్కలకు కారి ముందుకాలి దాకా వస్తుంది, అది నాకుతుంది. కొన్ని మందులు వీపు పొడుగునా మూడు నాలుగు చోట్ల వేయమంటాయి, అట్ట మీద ఎలా ఉంటే అలా. ఆరేదాకా పిల్లల్ని దగ్గరికి రానీకండి. కొంచెం నాకి చొంగ కార్చుకుంటే చేదుకే, మూతి తుడిస్తే సరిపోతుంది. వణుకు, తూలు, ఆగని వాంతులు కనిపిస్తే మాత్రం కడిగి, ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పోవాలి. చన్నీళ్ళతో కడగొద్దు, ఆ ఒంట్లో కొవ్వు లేదు, చలికి ఇట్టే బిగుసుకుపోతుంది.

ఇక పెద్దమ్మ సీసా. ఆమె దాన్ని నాకు చూపించింది. ఆవుల మీద గోమార్లకు నీళ్ళలో కలిపి కొట్టే డెల్టామెత్రిన్. మా చిన్నప్పుడు చంద్రగిరి దగ్గర మా తాతగారి పశువులకు చీపురుతో ఇదే పూసేవాళ్ళం, చేతులు మండేవి. లీటరుకు ఎంత కలపాలో ఎవరూ కొలిచేవాళ్ళు కాదు, మూతతో ఒక అందాజ. నాలుగు వందల కిలోల ఆవుకు ఆ అందాజ చెల్లింది. పల్చటి చర్మమున్న ముప్పై కిలోల కుక్కకు చెల్లదు. పైగా ఆస్ట్రేలియాలో దిగినప్పుడు ఇలాంటివి అధికారులకు చెప్పాలి. చెప్తే తీసేసుకోవచ్చు, దాచి దొరికితే జరిమానా పడొచ్చు. సామాను మోసుకొచ్చే ఆ అబ్బాయికి ఎందుకా పీడ?

ఇంటి వైద్యాలూ అంతే. సీతాఫలం గింజల పొడి తల పేలకు వాడి కళ్ళు పోగొట్టుకునే దాకా వచ్చినవాళ్ళు మన జిల్లాలోనూ ఉంటారు, కుక్క ఒంటికి అది రాస్తే నేరుగా కంట్లోకి పోతుంది. కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాయమని ఫోన్లో చెప్పే అత్తలున్నారు. కర్పూరం నాకితే కుక్కకు ఫిట్స్ రావచ్చు. టీ ట్రీ ఆయిల్ 'నేచురల్' కదా అని నేరుగా పూయకండి. కిరోసిన్ ఊసే ఎత్తొద్దు.

సరే, ఇన్ని భయాలుంటే అసలు ఏమీ వేయకుండా ఉంటే పోలా? ఆ అబ్బాయి రెండు నెలలు చేసింది అదే, నాకు గుండె ఆగినంత పనైంది. వాడుండేది సిడ్నీ ఉత్తరాన, అడవిని ఆనుకున్న చోట. అక్కడి గోమారి మన గోమారి కాదు. మన వీధికుక్క చెవిలో ఆముదం గింజలా ఉబ్బి కూర్చునేది రక్తం తాగుతుంది, టిక్ ఫీవర్ తెస్తుంది, ఆ జ్వరం ముదరడానికి రోజులు పడుతుంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఉండే పెరాలిసిస్ టిక్ (పక్షవాతం తెచ్చే గోమారి) అలా కాదు, ఒక్కటి చాలు. దాని లాలాజలంలో విషం ఉంటుంది. మొదట కుక్క గొంతు మారుతుంది, తర్వాత వెనక్కాళ్ళు తడబడతాయి, తిన్నది బయటికి వస్తుంది, చివరకు ఊపిరి అందదు. వసంతం నుంచి వేసవి మొదలు దాకా, అంటే మనకు వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా అనుకోండి, అప్పుడు ఎక్కువ. ఈ టిక్‌కు కొన్ని చుక్కల మందులు నెలకొకసారి కాదు, రెండు వారాలకొకసారి వేయాలి. ఫ్లీలకు నెల, టిక్‌కు రెండు వారాలు అని ఒకే అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మందు వేసినా రోజూ వేళ్ళతో తడమాలి. గ్రేహౌండ్‌తో ఉన్న సుఖం ఇదే, పొట్టి బొచ్చు కాబట్టి ఐదు నిమిషాల పని. చెవుల లోపల, పెదవుల మడతల్లో, పట్టీ కింద, కాలివేళ్ళ మధ్య. ఎక్కువగా తల, మెడ దగ్గరే దొరుకుతాయి. దొరికితే ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి లాగేయండి. లాగేశాక కూడా ఒకట్రెండు రోజులు లక్షణాలు ముదరొచ్చు. కుక్క తూలుతుంటే నీళ్ళు, అన్నం పెట్టకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఇంకొక్క మాట. రక్తపరీక్ష కాగితం చేతికొచ్చి ప్లేట్‌లెట్లు తక్కువ అని కనపడగానే మనకు డెంగీ గుర్తొస్తుంది, బొప్పాయి ఆకు రసం దాకా వెళ్ళిపోతాం. గ్రేహౌండ్లకు ప్లేట్‌లెట్లు పుట్టుకతోనే కాస్త తక్కువ, ఎర్రకణాలు ఎక్కువ, థైరాయిడ్ హార్మోన్ కూడా తక్కువగానే ఉంటుంది. గ్రేహౌండ్లను చూసిన అలవాటున్న డాక్టర్ అయితే ఆ కాగితం చూసి కంగారుపడడు. అలాంటి డాక్టర్‌ను వెతుక్కోండి, కాస్త దూరమైనా.

ఆ అబ్బాయి మర్నాడే క్లినిక్‌కు వెళ్ళి త్రాసు మీద నిలబెట్టాడు. ఇరవై తొమ్మిదిన్నర. చుక్కలు వేసి, మెడ మీద తడి మచ్చతో ఉన్న ఫోటో పంపాడు. దాన్ని పెద్దమ్మకు చూపించాను. సీసా సంగతి చెప్పితే కాసేపు మాట్లాడలేదు. పార్సిల్ విప్పి సీసా బయటికి తీసింది, ఎదురింటి ఆవులకు ఇచ్చేసింది. ఖాళీ అయిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా, లోపలికి వెళ్ళి ఉతికి మడతపెట్టిన పాత దుప్పటి ఒకటి తెచ్చింది.

"ఒంట్లో కొవ్వు లేదన్నావు కదా నాయనా. ఆడ చలంట. దీన్ని దానికి కోటు మాదిరి కుట్టించమను."

కుట్టించవచ్చు. మల్లికి కూడా రెండున్నాయి.