పల్లె పిల్లకు ఆయాసం, పట్నం పిల్లాడికి మెడ నలుపు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఎత్తు 158 సెం.మీ., బరువు 66 కిలోలు. పొద్దున పాలు తాగి బస్సెక్కుతాడు. సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తూ నూడుల్స్, కూల్‌డ్రింక్. మెడ వెనక నల్లబడింది, సున్నిపిండితో రుద్దినా పోవట్లేదు. మా ఆడపడుచు కూతురికి 13. నల్లగొండ దగ్గర పల్లె నుంచి చదువుకోడానికి జూన్‌లో మా ఇంటికొచ్చింది. సన్నగా ఉంటుంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. పల్లె తిండే మంచిదని మా అత్తగారు అంటారు. మరి ఈ పిల్లకు నీరసమెందుకు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

సమాధానం: మీ అత్తగారు చెప్పేది తన చిన్ననాటి పల్లె తిండి గురించి. జొన్నరొట్టె, పప్పు, చేలో కోసుకొచ్చిన ఆకుకూర. ఇప్పుడు చాలా ఇళ్లలో మూడు పూటలా అన్నమే, పక్కన పచ్చిపులుసో పచ్చడో. కడుపు నిండుతుంది కానీ ఐరన్, ప్రొటీన్ చాలవు. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ మాత్రం ఊళ్లో కిరాణా కొట్టు దాకా వచ్చేసింది!

ఈ వయసు ఆడపిల్లకు రోజుకు 30 మి.గ్రా. ఐరన్ కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మగపిల్లలకైతే 22 చాలు. నెలసరి మొదలైందా, రక్తస్రావం ఎక్కువా అని కనుక్కోండి. సీబీసీ అనే రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, భయపడి ఆపేయకండి. అన్నం తినగానే టీ ఇవ్వొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది.

నిజానికి మీ అబ్బాయి గురించే నాకు ఎక్కువ టెన్షన్. ఆ నలుపు మురికి కాదు, ఇక రుద్దకండి. బరువు పెరిగిన పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే మెడ, చంకలు ఇలా నల్లబడతాయి. పిల్లల డాక్టర్‌కు చూపించి పరగడుపున షుగర్ పరీక్ష చేయించండి. 250 మి.లీ. కూల్‌డ్రింక్‌లో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. ముందు అది మాన్పించండి. అంతేగానీ డైటింగ్ అంటూ రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టకండి. పొద్దున టిఫిన్ మానేసిన పిల్లాడికి సాయంత్రం నూడుల్స్ బండి దగ్గర కాళ్లు ఆగిపోక ఏం చేస్తాయి?

ఇద్దరికీ వేర్వేరుగా వండక్కర్లేదు. రాత్రి పెసలు నానబెడితే పొద్దున చెరో రెండు పెసరట్లు, ఓ ఉడికించిన గుడ్డు. అమ్మాయికి సాయంత్రం పల్లీ ఉండ పెట్టండి. అబ్బాయికి ఉండ వద్దు, జామకాయ ఇవ్వండి.