ఆరో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లలకు తెలుగు ఎలా చెప్పాలి?

మేడం, మీ ప్రశ్న చదివాను. డీఎస్సీ 2024లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికై దేవరకొండ వైపు హైస్కూల్లో చేరానన్నారు. ఆరో తరగతిలో సగం మందికి పాఠం చదవడం రావట్లేదు, సిలబస్ నడపాలా, అఆల నుంచి మొదలుపెట్టాలా అని అడిగారు. నాదీ ఇదే సబ్జెక్టు. మొదట పాలమూరు వైపు పనిచేశాను, ఇప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్నాను. సూటిగా చెప్తాను, ముందు ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోండి. అందరికీ కలిపి అఆలు మొదలుపెడితే చాలామందికి వచ్చిందే మళ్లీ చెప్పినట్టవుతుంది, రానిది అలాగే ఉండిపోతుంది.

ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించుకోండి. మధ్యాహ్న భోజనం అయ్యాక వరండాలో అయినా సరే, మిగతావాళ్లకు వినపడని చోట కూర్చోండి. తరగతి ముందు నిలబెట్టి చదవమంటే వచ్చిన పిల్లలకు కూడా నోరు పెగలదు. పాఠ్యపుస్తకంలోని పాఠం మాత్రం ఇవ్వకండి. నా దగ్గర ఒక పిల్లాడు పద్యం గడగడా చదివేవాడు. వేలు చూస్తే కింది లైను మీద ఉండేది. అదే పద్యంలోని ఒక మాట పలక మీద రాసి చూపిస్తే నోరు మెదపలేదు. కింది తరగతుల నుంచీ పక్కవాళ్లు చదివేది విని, కంఠస్థం చేసి నెట్టుకొచ్చాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లవాణ్ని స్లో లర్నర్ అనడానికి నాకు మనసొప్పదు. అందుకే చదివేటప్పుడు నోటితో పాటు వేలును కూడా చూడండి.

ఇలా విన్నాక తెలుస్తుంది, చదవడం రాకపోవడం అందరిలో ఒకే రకంగా ఉండదు. అక్షరాలే రానివాళ్లు మీరు భయపడుతున్నంత మంది ఉండరు. కొందరు గుణింతం దగ్గర ఆగుతారు. వాళ్లలో మ, వు తేడా తెలియని పిల్లలు దాదాపు ప్రతి తరగతిలో కనిపిస్తారు. వ పక్కన కొమ్ము పెడితే మ అయిపోతుంది, అందుకే వు రాసేటప్పుడు కొమ్మును కింది నుంచి తిప్పుతాం అని బోర్డు మీద ఒకసారి రాసి చూపిస్తే చాలామందికి అక్కడికక్కడే పట్టుబడుతుంది.

ఎక్కువ మంది ఆగేది ఒత్తుల దగ్గర. చాలా హల్లులకు ఒత్తు అంటే తలకట్టు తీసేసిన ఆ అక్షరమే, పిల్లలు పోల్చుకోగలరు. త, న, మ, య, ర, ల, వ ఈ ఏడింటికి రూపమే మారిపోతుంది. చిక్కంతా వీటితోనే. అన్ని ఒత్తులూ వరుసగా దిద్దించే బదులు ఈ ఏడు పట్టుకోండి. వీటికి మాటలు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. అత్త, అన్న, అమ్మ, అయ్య, బర్రె, పిల్ల, అవ్వ. ఏడూ పిల్లలు ఇంట్లో రోజూ అనే మాటలే. ఇవి చార్టు మీద రాసి గోడకు పెట్టండి. కొత్త మాటలో ఒత్తు వచ్చి ఆగినప్పుడు మీరు చెప్పకండి, ఈ ఒత్తు ఎవరి దగ్గర ఉందో చూడు అని గోడ చూపించండి. 'ముల్లు' దగ్గర ఆగిన పిల్ల గోడ మీద 'పిల్ల' చూసి తనే చదువుకుంటుంది. ఆ రోజు ఆ పిల్ల ముఖం మీరే చూస్తారు.

అక్షరాలు వచ్చినా చదివింది అర్థం కానివాళ్లకు నాకు బాగా పనిచేసింది పిల్లల మాటలనే పాఠంగా పెట్టడం. పీరియడ్ మొదట్లో నిన్న ఏం జరిగిందో ఒకరిని చెప్పమని, వాళ్లు అన్నది అన్నట్టే బోర్డు మీద రాస్తాను. 'మా బర్రె ఈనింది. దూడ తెల్లగ ఉంది. తాత జున్ను పంచిండు.' 'పంచాడు' అని దిద్దను. తను అన్న మాటే కాబట్టి చదవడానికి జంకు ఉండదు, అర్థం గురించి వేరే చెప్పక్కర్లేదు. అందరూ చదివాక నోట్సులో రాసుకుంటారు. వాచకం భాషకు అలవాటు పడడానికి తర్వాత చాలా టైం ఉంది.

మీ దగ్గర తండాల పిల్లలు ఎక్కువగానే ఉంటారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల మీరడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదంటే తెలియదని అనుకోకండి. పక్కనున్న పిల్లతో ముందు లంబాడీలోనే చెప్పుకోనివ్వండి, ఆ తర్వాత తెలుగులో అడగండి. క్లాసులో మీ భాష మాట్లాడొద్దు అని మాత్రం ఎవరినీ అననివ్వకండి. ఆ మాట విన్న పిల్ల ఆ తర్వాత ఏ భాషలోనూ నోరు తెరవదు.

ఇంకొకటి. 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీష్ మీడియం వచ్చాక పిల్లలకు తెలుగు చదివే అవకాశం మన పీరియడ్‌కే పరిమితమవుతోంది. కానీ సోషల్, సైన్స్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా. ఆ తెలుగు పేజీని వారానికి ఒకసారి మీ పీరియడ్‌లో చదివించండి. సోషల్ టీచర్‌తో మాట్లాడుకుని, ఆ వారం వాళ్లు చెప్పే పాఠమే తీసుకుంటే ఇద్దరి పనీ తేలికవుతుంది.

హాజరు సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. దసరా సెలవులు అయ్యాక పత్తి ఏరడానికి పోయే పిల్లలు ఉంటారు. పాలమూరులో అయితే అమ్మానాన్నలు వలస పోతే పిల్లలు అవ్వతాతల దగ్గర ఉండి ఇంటిపని చూసుకుంటారు, కొందరు వాళ్ల వెంటే వెళ్లిపోతారు. అందుకే అసలు పనంతా జూన్ నుంచి దసరా లోపు పూర్తి చేసేలా చూసుకోండి. ఒత్తులు, గుణింతాలు అప్పటికి అయిపోవాలి. తిరిగొచ్చిన పిల్లను 'ఇన్నాళ్లు ఎక్కడికి పోయినవ్' అని అందరి ముందు నిలదీస్తే మర్నాడు రాదు. పత్తి చేను గురించి చెప్పించి, అదే బోర్డు మీద రాయండి. ఇంటికి వెళ్లి మాట్లాడాల్సి వస్తే సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లండి, పగలు చేన్ల దగ్గరే ఉంటారు.

సిలబస్ గురించి మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. పీరియడ్‌ను రెండుగా విడగొట్టండి. సగం చదవడానికి, సగం పాఠానికి. పాఠాన్ని మీరు చదివి వినిపించి, మాట్లాడించండి. చదవలేని పిల్లలు కూడా విని బ్రహ్మాండంగా జవాబులు చెప్తారు. కొన్ని పాఠాలు క్లుప్తంగా ముగించాల్సి వస్తుంది, ముగించండి. హెచ్‌ఎం గారికి ముందే చెప్పి, ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకున్న నోట్‌బుక్ చూపించండి. చదువులో వెనుకబడిన పిల్లల కోసం సర్కారు ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, ఆరు నుంచి తొమ్మిది వరకు ఉన్నతి అనే కార్యక్రమాలు పెట్టిందే ఈ వెనుకబాటు ఉందని ఒప్పుకుని కాబట్టి, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగినా మీ దగ్గర సమాధానం ఉంటుంది. ఆ నోట్‌బుక్‌లో తేదీ వేసి, పిల్ల చదివిన వాక్యం, ఆగిన మాట రాయండి చాలు. మార్కులు వద్దు. నెల తర్వాత అదే పిల్లతో అదే పేజీ మళ్లీ చదివించి, పక్కనే రాసుకోండి.