ఇంజెక్షన్లకి తగ్గని ఎడిమా: ఒకసారి మాక్‌టెల్ కోసం చూడండి

సార్, 54 ఏళ్ల షుగర్ పేషెంట్, చదువుతుంటే మధ్యలో అక్షరాలు మాయమవుతున్నాయి, డయాబెటిక్ ఎడిమా (షుగర్ వల్ల రెటీనాలో నీరు చేరడం) అనుకుని కంట్లో మూడు ఇంజెక్షన్లు వేసినా ఓసీటీలో (రెటీనా పొరలు చూపే స్కాన్‌లో) ఖాళీలు అలాగే ఉన్నాయి అన్నారు కదా, నాకైతే ఇది మాక్‌టెల్ టైప్ 2 (రెటీనా మధ్యభాగం, అంటే మాక్యులా, మెల్లగా దెబ్బతినే జబ్బు) అనిపిస్తోంది. ఓసీటీ మళ్ళీ జాగ్రత్తగా చూడండి, ఖాళీలున్నా రెటీనా మందం పెరగకుండా ఇంకా పల్చగా ఉందంటే అది నీరు కాదు, కణజాలం పోయి మిగిలిన గుంట. పైన ఐఎల్ఎం (రెటీనా లోపలి అంచున ఉండే పల్చని పొర) ఒక్కటే పరదాలా ఉంటుంది, ఎలిప్సాయిడ్ లైన్ (వెలుగును పట్టే కణాలను చూపే గీత) ఫోవియాకి (మాక్యులా నడిమధ్య చోటుకి) టెంపోరల్ వైపు, అంటే చెవి వైపు, తెగి ఉంటుంది. ఎఫ్ఎఫ్ఏలో (రంగు మందు ఎక్కించి రెటీనా రక్తనాళాలకి తీసే ఫోటోల్లో) లీక్ కనిపించిందని మాత్రం మోసపోకండి, మాక్‌టెల్‌లో కూడా అక్కడే లీకవుతుంది, నేనూ ఒకసారి అలాగే బోల్తా పడ్డా.

రెండో కన్ను తప్పకుండా చూడండి, పేషెంట్ "ఆ కన్ను బాగానే ఉందండీ" అన్నా సరే, ఇది ఎక్కువగా రెండు కళ్ళకీ ఉంటుంది. టెంపోరల్ వైపు బూడిదరంగు మసక, మెరిసే చిన్న స్ఫటికాలు, లంబకోణంలో లోపలికి దిగే సన్న సిరలు దొరికితే డౌటు తీరినట్టే. ఆటోఫ్లోరోసెన్స్ (రంగు మందు లేకుండా రెటీనా తనంతట తాను వెలిగే మెరుపును పట్టే ఫోటో) కూడా తీయించండి, ఫోవియా దగ్గర ఉండాల్సిన నల్లదనం తగ్గిపోయి కనిపిస్తుంది.

కన్ఫర్మ్ అయితే ఇంజెక్షన్లు ఆపేయండి, కొత్త రక్తనాళాలు పుడితే తప్ప వాటితో లాభం లేదు, అందుకే ఓసీటీ యాంజియో (రక్తనాళాలను చూపే ఓసీటీ స్కాన్) చేయిస్తూ ఉండాలి. 2025 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బుకి కంట్లో అమర్చే ఎన్‌సెల్టో ఇంప్లాంట్‌కి అనుమతి ఇచ్చింది, కానీ అది జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందే గానీ పోయిన చూపు తేదు, ఆ మాట పేషెంట్‌కి ముందే చెప్పండి.