రిసెప్షన్‌కు ప్యాంట్‌సూట్: రూ.1.85 లక్షలు ఈఎంఐలో కట్టాలా?

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికి నెలకు రూ.74,000 వస్తాయి. అద్దె, ఇంటి ఖర్చులు కలిపి రూ.38,000, చదువు రుణం వాయిదాకు రూ.11,000 పోతాయి. బ్యాంకులో రూ.2.60 లక్షలున్నాయి. మాఘమాసంలో, ఫిబ్రవరి చివర్లో పెళ్లి. ముహూర్తానికి కంచిపట్టు చీర అమ్మ కొంటోంది. రిసెప్షన్‌కు మాత్రం చీర, లెహంగా కాకుండా ఐవరీ రంగు ప్యాంట్‌సూట్, దాని మీద వెనక నేల దాకా జీరాడే కేప్ వేసుకోవాలని ఉంది. ఒక బొటిక్‌లో రూ.1.85 లక్షలు, జీఎస్‌టీ అదనం అన్నారు. కార్డుపై 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఉందట. అద్దెకు లెహంగాలే దొరుకుతున్నాయి: మూడు రోజులకు రూ.22,000, డిపాజిట్ రూ.30,000. నాన్న డబ్బిస్తానంటున్నారు గానీ ఈ ఒక్క డ్రెస్ నా సంపాదనతో కొనుక్కోవాలని కోరిక. ఏం చేయమంటారు?

జవాబు: సొంత డబ్బుతో, నచ్చినట్టే కుట్టించుకోండి. కాకపోతే ఆ ధరకు వద్దు, ఈఎంఐలో అసలే వద్దు. మీ లెక్కల ప్రకారం ఈ డ్రెస్‌కు మీరు నిశ్చింతగా పెట్టగలిగింది రూ.85,000. చెప్పులు, డ్రై క్లీనింగ్‌తో సహా అంతలోనే వస్తుంది. ఎలాగో చెబుతాను.

ముందు ఆ బొటిక్ ధర చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 దాటిన కుట్టిన దుస్తులకు జీఎస్‌టీ 18 శాతం. అంటే మీ రూ.1.85 లక్షల మీద మరో రూ.33,300. కట్టాల్సింది రూ.2,18,300. అదే బట్టగా కొంటే 5 శాతమే. లక్షలు పోసి కొన్నా చీరకు పన్ను తక్కువ పడేది అందుకే, దాన్ని బట్ట కిందే లెక్కిస్తారు. మీరే బట్ట కొని కుట్టించుకోమనడానికి నా మొదటి కారణం ఇది. ‘బిల్లు లేకపోతే పన్ను తగ్గిస్తాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డ్రెస్ ఆలస్యమైనా, పాడైనా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఉండాల్సింది ఆ బిల్లే.

ఇక నో-కాస్ట్ ఈఎంఐ. పన్నెండు నెలలకు వాయిదా రూ.18,192 పడుతుంది. బ్యాంకు వడ్డీ మానుకోదు. ఆ వడ్డీని దుకాణం డిస్కౌంటు రూపంలో భరిస్తుంది, అంతే. వడ్డీ రేటు 16 శాతం అనుకుంటే మీ విషయంలో అది దాదాపు రూ.17,800. దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే సుమారు రూ.3,200, మాత్రం మీ కార్డుకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఏ దుకాణంలోనైనా ఈ ఆఫర్ కనిపిస్తే, ‘మొత్తం ఒకేసారి కడతాను, ఆ పదిహేడు వేలు నాకే తగ్గించండి’ అని అడగండి. ఆ డబ్బు వాళ్లు ఎలాగూ వదులుకుంటున్నదే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ రూ.3,200 కాదు. ఖర్చులు, రుణం వాయిదా పోగా మీకు నెలకు మిగిలేది రూ.25,000. అందులో రూ.18,192, అంటే దాదాపు మూడొంతులు, పెళ్లయిన తొలి ఏడాదంతా ఒక రాత్రి వేసుకున్న డ్రెస్‌కు పోతుంది. కొత్త కాపురానికి ఇంటి అడ్వాన్సు, సామాన్లు, రాకపోకల ఖర్చు సరిగ్గా ఆ నెలల్లోనే మీద పడతాయి. అప్పుడు ఒక్కసారి కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోయినా చాలా కార్డులు నెలకు మూడున్నర శాతానికి పైనే వడ్డీ వేస్తాయి. ఏడాదికి నలభై శాతం దాటుతుంది. పర్సనల్ లోన్ ఆలోచన కూడా ఉంటే, రెండు లక్షలు 14 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే వడ్డీయే రూ.30,000 పైన అవుతుంది.

రూ.85,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఖర్చులు, వాయిదా కలిపి మీ నెల అవసరం రూ.49,000. నాలుగు నెలలకు సరిపడా రూ.1.96 లక్షలు అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. పెళ్లి పేరుతో దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన రూ.64,000లో రూ.25,000 డ్రెస్‌కు తీయండి. ఆగస్టు నుంచి జనవరి దాకా జీతం పడిన మర్నాడే నెలకు రూ.10,000 వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి. ఆరు నెలలకు రూ.60,000. దీనికి రికరింగ్ డిపాజిట్ వద్దు. నవంబరులోనే డబ్బు తీయాల్సి వస్తుంది, ఆరు నెలలకు వచ్చే వడ్డీ వెయ్యి రూపాయల దగ్గరే. మిగులులో తక్కిన రూ.15,000 చొప్పున మేకప్, ప్రయాణాలు, కానుకలు వంటి మిగతా పెళ్లి ఖర్చులకు ఉంటాయి.

అద్దె లెహంగా గురించి ఒక మాట. మీ మనసు లెహంగా మీదే ఉంటే రూ.22,000కు అద్దెకు తీసుకోండి అనే చెప్పేదాన్ని, డబ్బు పరంగా అదే మేలు. ప్యాంట్‌సూట్ సంగతి వేరు. లెహంగా నడుము దగ్గర తాడుతో, హుక్కులతో సర్దుకుంటుంది. బ్లేజర్‌కు భుజం కుదరాలి. నడుము పట్టించవచ్చు, చేతుల పొడవు తగ్గించవచ్చు, భుజం మాత్రం విప్పి కుట్టాలంటే దాదాపు మళ్లీ కుట్టినట్టే. అద్దె బట్టను కత్తిరించనివ్వరు కూడా. కాబట్టి ఇది కొలతలిచ్చి కుట్టించుకోవాల్సిన డ్రెస్సే.

మీ డబ్బును నిజంగా కాపాడే నిర్ణయం ఒకటుంది: మగ్గం వర్క్ అంతా కేప్ మీదే పెట్టించండి, బ్లేజర్, ప్యాంటు ప్లెయిన్‌గా వదిలేయండి. బ్లేజర్ నిండా జర్దోసీ ఉంటే అది పెళ్లికూతురి డ్రెస్సే, మరో చోటికి వేసుకోలేరు. ప్లెయిన్ ఐవరీ బ్లేజర్‌ను చీర మీదో, జీన్స్ మీదో ఏళ్ల తరబడి వాడొచ్చు. వర్క్ ఉన్న కేప్ ప్లెయిన్ లాంగ్ ఫ్రాక్ మీద, పట్టు లంగా మీద మళ్లీ పనికొస్తుంది. ఆలియా భట్ 2022లో పెళ్లికి కట్టుకున్న ఐవరీ చీరనే 2023 అక్టోబరులో జాతీయ చలనచిత్ర పురస్కారాల వేడుకకు మళ్లీ కట్టుకున్నారు. మళ్లీ వేసుకోగలగడమే ఇక్కడ దొరికే రాబడి. అమ్మితే ఏమైనా వస్తుందని మాత్రం లెక్క వేయకండి. మీ కొలతలకు కుట్టిన సూట్‌కు అమ్మకం విలువ సున్నా అనుకునే ముందుకు వెళ్లండి.

దీనికి కుట్టుపని వైపు నుంచి కూడా బలమైన కారణం ఉంది. మగ్గం వర్క్ బట్టను కత్తిరించక ముందే, ఫ్రేముకు బిగించి, మీ కొలతల గీతల లోపల చేస్తారు. పెళ్లి నాటికి రెండు కిలోలు తగ్గినా పెరిగినా, పక్క కుట్టు దాకా వర్క్ ఉన్న బ్లేజర్‌ను సరిచేయడం కుదరదు, పూసలూ జర్దోసీ తెగుతాయి. కేప్‌కు ఆ బాధ లేదు, అది భుజాల మీద నిలబడుతుంది. బ్లేజర్ చేతి అంచుకు కొద్దిగా వర్క్ కావాలనుకుంటే పక్క కుట్టుకు రెండంగుళాలు ఖాళీ వదలమనండి. లోపల మార్జిన్ కూడా ఒకటిన్నర అంగుళం ఉంచమని ఆర్డర్ చీటీ మీదే రాయించండి.

రూ.85,000 పంపకం ఇలా పెట్టుకోండి: బట్టలన్నిటికీ రూ.12,500, బ్లేజర్, ప్యాంటు కుట్టుకూలి రూ.14,000, కేప్ కుట్టడానికి రూ.5,000, మగ్గం వర్క్‌కు రూ.32,000, బ్లేజర్ లోపల వేసుకునే టాప్‌కు రూ.4,000, చెప్పులకు రూ.4,500, డ్రై క్లీనింగ్‌కు రూ.3,000. మిగిలిన రూ.10,000 ఆల్టరేషన్లకు, అనుకోని వాటికి. ఇవి మీ పరిమితులు. ఊరిని బట్టి, పనివాళ్లను బట్టి ఒకటి పెరిగితే మగ్గం వర్క్‌లో కోయండి, కుట్టుకూలిలో కోయవద్దు. వర్క్ కొంచెం పలచబడితే ఎవరూ గమనించరు. భుజం దగ్గర ముడత పడితే ఫొటోలన్నిటిలో కనిపిస్తుంది.

బట్ట ఇప్పుడే కొనండి. ఇది ఆషాఢం, దుకాణాల్లో తగ్గింపు అమ్మకాలుంటాయి, పెళ్లిళ్ల రద్దీ ఉండదు. 44 అంగుళాల పన్నా ఉన్న ప్యూర్ రా సిల్క్ బ్లేజర్‌కు రెండుముప్పావు మీటర్లు, వెడల్పు కాళ్ల ప్యాంటుకు రెండున్నర, పరీక్షలకు పావు, మొత్తం ఐదున్నర మీటర్లు ఒకే తానులోంచి తీసుకోండి. తర్వాత కొంటే ఐవరీలో ఆ ఛాయ మళ్లీ దొరకదు. రా సిల్క్ పేరుతో పాలియెస్టర్ అంటగట్టడం మామూలే. సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. లేకపోతే నాలుగు పోగులు లాగి కాల్చండి: పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, బూడిద నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. లైనింగ్ తెల్లది వద్దు, ఐవరీ కింద తెలుపు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. కేప్‌కు నాలుగు మీటర్ల ఆర్గంజా సరిపోతుంది.

అక్టోబరు చివర్లో ముతక కాటన్ బట్టతో ట్రయల్ బ్లేజర్ కుట్టించి భుజం, చంక, చేతి పొడవు సరిచూసుకోండి. దీనికి ఐదారు వందలు అడిగినా ఇవ్వండి. నవంబరులో కేప్‌కు మగ్గం మొదలవ్వాలి, డిసెంబరు మధ్యకు అయిపోవాలి. జనవరి పుష్యమాసంలో ముహూర్తాలుండవు కాబట్టి టైలర్లకు తీరిక ఉంటుంది, కుట్టుపని అప్పుడు పెట్టుకోండి. ఆ అవకాశం పోగొట్టుకుని మాఘంలోకి జరిపితే అందరి పెళ్లిళ్ల బట్టల మధ్య మీది చిక్కుకుంటుంది. కోతకు ముందు రా సిల్క్‌ను ఆవిరి ఇస్త్రీ చేయించండి, ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. కాలర్‌కు, ముందు భాగాలకు బిగువు కోసం లోపలి వైపు వేడితో అంటించే గుడ్డను (ఫ్యూజింగ్) ముందుగా చిన్న ముక్క మీద అంటించి చూపించమనండి. వేడి సరిపోకపోతే మొదటి డ్రై క్లీనింగ్‌కే బుడగలు లేస్తాయి. ప్యాంటు, కేప్ అంచులు మడిచే రోజున పెళ్లికి వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్లండి. మడమ ఎత్తు అంగుళం మారినా కేప్ మెట్ల మీద కాలికి అడ్డం పడుతుంది. మొదటి ఫిట్టింగ్ పెళ్లికి మూడు వారాల ముందు, చివరిది పది రోజుల ముందు.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. టైలర్‌కైనా మగ్గం వాళ్లకైనా అడ్వాన్స్ 40 శాతం, సగం పని కళ్లారా చూశాక 40, చివరి ఫిట్టింగ్ తర్వాత 20. యూపీఐలోనే పంపండి, గడువు తేదీ రసీదు మీద ఉండాలి. నెలలవారీగా చూస్తే ఇప్పుడు బట్టకు రూ.12,500 పోగా నవంబరు నాటికి మీ ఖాతాలో రూ.52,500 ఉంటాయి. మగ్గానికి, ఆపైన కుట్టుకూలికి ఎక్కడా కార్డు తీయాల్సిన అవసరం రాదు.

రిసెప్షన్ నాడు ఐవరీకి పెద్ద శత్రువు అక్షింతలు. పసుపు, నెయ్యి రెండూ మరకలే. ఆశీర్వచనం ముహూర్తం దగ్గరే కానిచ్చి, రిసెప్షన్ వేదిక మీద పూలరేకులు పెట్టించండి. పసుపు పడితే తడిగుడ్డతో రుద్దకండి, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. పొడిగా దులిపి, మరక ఎక్కడుందో చూపించి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. దండల్లో పుప్పొడి రాలే లిల్లీలు వద్దు. సెంటు డ్రెస్ వేసుకోక ముందే చల్లుకోండి, జర్దోసీ మీద పడితే నల్లబడుతుంది. తర్వాత కేప్‌ను ప్లాస్టిక్ కవరులో కాక మల్లు గుడ్డలో చుట్టి, వేలాడదీయకుండా పరిచి దాచండి. వర్క్ బరువుకు ఆర్గంజా సాగిపోతుంది.

మీ నాన్నగారి డబ్బు కాదనకండి. డ్రెస్‌కు వద్దని చెప్పి, మీ చదువు రుణం అసలుకు కట్టమనండి. తండ్రి ఇచ్చిన దానికి మీకు పన్ను ఉండదు. కట్టేటప్పుడు వాయిదా తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని బ్యాంకు అడగవచ్చు. పెళ్లయిన ఏడాది ఖర్చులు గట్టిగానే ఉంటాయి కాబట్టి మీకు వాయిదా తగ్గించుకోవడమే మంచిది.