రెజిన్ బొమ్మ మీద రంగు ఊడిపోతోందా? తప్పు ప్రైమర్‌ది కాకపోవచ్చు

మీ రెజిన్ బొమ్మకు రంగు వేస్తూ మాస్కింగ్ టేపు తీస్తే ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కూడా ఊడి వచ్చేసిందనీ, వేరే కంపెనీది కొనాలా అనీ అడిగారు. ఇప్పుడే కొనకండి. అతికించే ముందు భాగాలను కడిగారా? మీ ప్రశ్నలో ఆ మాటే లేదు, అందుకే అడుగుతున్నాను.

నాకూ ఇదే జరిగింది. విడి భాగాలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మల కిట్లు నాలుగైదు చేసిన ధీమాతో 1/35 స్కేలు, అంటే అసలులో 35వ వంతు ఉండే, రెజిన్ సైనికుణ్ణి కొన్నాను. పెట్టె తెరిచిన సాయంత్రమే అతికించేసి, మర్నాడు రంగు వేశాను. బెల్టు గీత కోసం టేపు అంటించి తీసేసరికి వీపు మీది రంగంతా కాచిన పాల మీద మీగడలా లేచి వచ్చింది. కింద రెజిన్ ఏమీ ఎరగనట్టు నున్నగా మెరుస్తోంది.

రెజిన్ అంటే పోశాక గట్టిపడే ద్రవం. ఈ భాగాలను దానితో సిలికాన్ రబ్బరు అచ్చుల్లో పోసి తీస్తారు. తేలిగ్గా ఊడి రావడానికి అచ్చు లోపల జిడ్డు లాంటిది చల్లుతారు. మనం ఇడ్లీ రేకులకు నూనె రాయడం లాంటిదే. ఇడ్లీకి అంటిన నూనెతో పేచీ లేదు కానీ, రెజిన్‌కు అంటినది రంగునూ పట్టనివ్వదు, జిగురునూ పట్టనివ్వదు. చాలాసార్లు కంటికి కనిపించదు కూడా. నీళ్లు చల్లి చూడండి. తామరాకు మీద బొట్లలా ఉండలు కట్టి జారిపోతుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

కడగడానికి ఖరీదైన ద్రావకాలేవీ అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ సోపు కొద్దిగా కలిపి, భాగాలను పావుగంట నాననిచ్చి, పాత మెత్తని టూత్ బ్రష్‌తో మడతల్లోకి పోనిచ్చి రుద్దండి. తరువాత మంచినీళ్లతో రెండుసార్లు కడగండి, సోపు మిగిలినా రంగుకు చేటే. చేతులకు మెత్తదనం ఇస్తామని చెప్పే సోపులు వద్దు, వాటిలోనూ జిడ్డు ఉంటుంది. కొందరు థిన్నర్ వాడమంటారు. నేనైతే ఆ జోలికి పోను. కిట్‌లో ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కలిసి ఉన్నా అది కరిగిపోతుంది.

ఈ పని కుళాయి కింద మాత్రం చేయకండి. బియ్యపు గింజంత పిస్తోలు ఒకటి నా కళ్ల ముందే సింకు కన్నంలోకి జారిపోయింది. అప్పటి నుంచి బేసిన్‌లో టీ వడపోసే జల్లెడ పెట్టి, చిన్న ముక్కలను అందులోనే కడుగుతున్నాను. జల్లెడ వేరే కొనుక్కోండి, వంటింటిది ఎత్తుకొస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఒకసారి తేలింది.

నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, రెజిన్ మెత్తబడి వంగుతుంది. వంకర తిరిగి వచ్చిన తుపాకీ గొట్టానికి మాత్రం ఆ గుణమే వరం. బాగా వేడి నీళ్లలో కాసేపు ముంచి, వేళ్లతో సరిచేసి, వెంటనే చన్నీళ్లలో వేస్తే అలాగే నిలబడిపోతుంది.

చాలామంది మరిచిపోయేది రెండో కడుగుడు. పోత ముక్కలు (పోత పోసేటప్పుడు భాగానికి అంటుకుని మిగిలే అదనపు రెజిన్) కోసి, ఉప్పు కాగితంతో రుద్దాక ఆ పొడి సందుల్లో పేరుకుంటుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కాబట్టి తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. అయ్యాక ఇంకోసారి సోపు నీళ్లతో కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. ఆ తరువాత వట్టి వేళ్లతో పట్టుకోకండి, చేతి జిడ్డు కూడా జిడ్డే.

జిగురు విషయానికొస్తే, ప్లాస్టిక్ కిట్లకు వాడే ‘సిమెంటు’ అనే జిగురు రెజిన్‌ను అతికించలేదు. ఫెవిక్విక్ లాంటిది గానీ, బరువైన భాగాలకు ఆరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు గానీ వాడాలి.

ఇప్పుడు మీ బొమ్మ సంగతి. టేపుతో ఎంత రంగు ఊడితే అంత ఊడనివ్వండి. అతుకులను కూడా మెల్లగా మెలిపెట్టి చూడండి. నా సైనికుడి ఎడమ చెయ్యి అలా అనగానే ఊడింది. జిగురు గాజు పెంకులా ఒక్క ముక్కగా నా గోటికి వచ్చింది, దాని మీద భుజం మడతలు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. మీదీ అలాగే ఊడితే బాధపడకండి, రెండు ముఖాలనూ కాస్త గరుకు చేసి, కడిగి, ఆరాక మళ్లీ అతికించండి.